రాయబారికి నీడ: అమెరికా చట్టసభ నేర్చిన పాఠములు

శ్రీకృష్ణ రాయబారమును ఎరుగని తెలుగువాడు లేడు. ఆ ఘట్టమును తలచినపుడు మనకు కౌరవసభలో జరిగిన సంవాదమే స్ఫురించును గాని, ఆ దూత హస్తినాపురమున ఎచట బస చేసెనను విషయము అంతగా స్ఫురింపదు. ఆయన వచ్చు దారి పొడవున విడిది మందిరములు కట్టించిరి. నగరమున దుశ్శాసనుని సౌధమును అలంకరించి సిద్ధపరచిరి. కృష్ణుడు ఆ విడుదులను కన్నెత్తియైనను చూడలేదు. దుర్యోధనుని విందును నిరాకరించి విదురుని ఇంట భుజించెను. దూతలు వచ్చిన పని నెరవేరిన పిమ్మటనే ఆతిథ్యము స్వీకరింతురని ఆ రాజునకు స్పష్టముగా తెలిపెను.

రాయబారి ఎవరి కప్పు క్రింద నిదురించును, ఆ కప్పునకు ధనము ఎవరు చెల్లింతురు అను ప్రశ్న రాజనీతిలో చిన్నది కాదని ఈ కథ వలన తెలియుచున్నది. నేటి ప్రభుత్వములు ఈ ప్రశ్నకు శాసనముల ద్వారా సమాధానము చెప్పుకొనుచున్నవి. అట్టి శాసనముల చరిత్ర అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిక్కిలి స్పష్టముగా కనిపించును. ప్రతి మెట్టునందును అచటి కాంగ్రెసు చర్చించి, కోతలు వేసి, పరిమితులు విధించి, పిమ్మట చట్టము చేసినది. మంజూరులు, గ్రాంటులు, ఆడిటు ఆక్షేపణల నడుమ జీవితము గడపు మనవంటి ఉద్యోగులకు ఈ చరిత్ర పరాయిదిగా తోచదు.

అచటి పద్ధతిని ముందుగా ఒక మాటలో చెప్పుకొనవలెను. ఆ దేశపు రాజ్యాంగము ప్రకారము చట్టసభ ఆమోదము లేనిదే ఖజానా నుండి ఒక్క డాలరైనను వెలువడరాదు. ఆ ఆమోదమునకు వాడుకలో రెండు మెట్లు కలవు. ఫలానా పనికి ఇంతవరకు ఖర్చు చేయవచ్చునని అనుమతించు చట్టము మొదటిది. ఆ సొమ్మును నిజముగా విడుదల చేయు ధనవినియోగ చట్టము రెండవది. మొదటిది లభించినను రెండవది లభింపక కాగితముమీదనే నిలిచిపోయిన భవనములు అనేకములు. పరిపాలనామోదము వచ్చియు నిధులు రాని ఫైలును చూచినవారికి ఈ స్థితిని వేరుగ వివరింపనక్కరలేదు.

అమెరికా ప్రభుత్వమునకు విదేశమున దక్కిన మొదటి ఇల్లు కొన్నది కాదు, కట్టినదియు కాదు. 1821లో మొరాకో సుల్తాను మౌలే సులేమాన్ టాంజియర్ నగరమున ఒక భవనమును ఆ ప్రభుత్వమునకు కానుకగా ఇచ్చెను. సన్నని సందులో తెల్లని గోడలతో నిలిచిన ఆ ఇల్లు 1956 వరకు దౌత్యకార్యములకు ఉపయోగపడెను. నేడది ప్రదర్శనశాలగాను, అధ్యయన కేంద్రముగాను ఉన్నది. విదేశమున ఇల్లు కొనుటకు చట్టసభకు మనసు రాని కాలమున, ఒక రాజు దానము చేసినందున ఆ గణతంత్రమునకు నీడ ఏర్పడినది.

మనసు రాకపోవుటకు కారణము పిసినారితనము ఒక్కటియే కాదు. రాజరికముపై తిరుగుబాటు చేసి పుట్టిన దేశమది. ఐరోపా రాజాస్థానముల ఆడంబరము పట్ల వారికి సహజముగనే ఏవగింపు ఉండెను. 1853లో విదేశాంగ కార్యదర్శి విలియం మార్సీ ఒక సర్క్యులరు పంపి, పరదేశములలోని అమెరికా ప్రతినిధులు సాధ్యమైనంతవరకు సామాన్య పౌరుని దుస్తులే ధరింపవలెనని కోరెను. దుస్తులకే ఇంత నియమమున్నపుడు సౌధములకు ధనమెట్లు లభించును? 1856 నాటి చట్టము లండను, పారిసు నగరములలోని ప్రతినిధుల జీతమును ఏటికి 17,500 డాలర్లుగా నిర్ణయించెను. ఆ జీతము 1946 వరకు, అనగా 90 సంవత్సరముల పాటు, పెరుగలేదు. ఇంటి అద్దె మొదలు విందుల ఖర్చు వరకు రాయబారి దానిలోనే సర్దుకొనవలెను. చాలనిచో తన చేతి సొమ్ము పెట్టుకొనవలెను.

దీని ఫలితము ఊహింపదగినదే. ధనికుడు గానివాడు లండనులో రాయబారి కాజాలడని లోకము అనుకొనసాగెను. 1905 నుండి 1912 వరకు అచట రాయబారిగా ఉన్న వైట్‌లా రీడ్ ఒక గొప్ప పత్రికకు అధిపతి. పార్క్ లేన్‌లోని డార్చెస్టర్ హౌస్ అను భవనమును తన సొంత ధనముతో అద్దెకు తీసికొని రాజవైభవముతో నివసించెను. ఆయన తరువాత 1913లో ఆ పదవికి వచ్చిన వాల్టర్ హైన్స్ పేజ్ అంతటి సంపన్నుడు కాడు. ఆయనకు ఖర్చులు గడచుటకు అధ్యక్షుడు విల్సన్ తన మిత్రుడైన క్లీవ్‌లాండ్ డాడ్జ్ అను ధనికుని సాయము అర్థింపవలసి వచ్చెను. ఒక మహారాజ్యపు ప్రతినిధి ఒక వ్యక్తి దాతృత్వముపై ఆధారపడి పని చేయవలసి వచ్చినదన్నమాట. ఆడంబరమును ద్వేషించి చేసిన పొదుపు చివరకు రాయబార పదవిని ఐశ్వర్యవంతుల సొత్తుగా మార్చినది. గణతంత్ర ధర్మమునకు ఇంతకంటె విరుద్ధమైన ఫలితము వేరుండదు.

ఆ కాలమున ఒక చతురోక్తి ప్రచారమున ఉండెడిది. లండనులో ఒక రాత్రి వీధిలో నిలిచియున్న పెద్దమనిషిని చూచి పోలీసువాడు ఇంటికి పొమ్మనెనట. తనకు ఇల్లు లేదనియు, తాను అమెరికా రాయబారిననియు ఆయన బదులు చెప్పెనట. ఇది జరిగినదో లేదో గాని, రాయబారులకు ప్రభుత్వ గృహములు కావలెనని ఉద్యమించినవారు దీనిని చక్కగా వాడుకొనిరి.

ఆ ఉద్యమ ఫలితమే 1911 ఫిబ్రవరి 17 నాటి చట్టము. ఇల్లినాయి రాష్ట్ర ప్రతినిధి ఫ్రాంక్ లౌడెన్ పేరుతో దీనిని లౌడెన్ చట్టమందురు. విదేశములలో రాయబార, కాన్సల్ కార్యాలయములకు భవనములు కొనవచ్చును, కట్టవచ్చును అని సాధారణముగ అనుమతించిన మొదటి శాసనమిదియే. అయితే ఆ అనుమతికి రెండు కళ్ళెములు కలవు. ఏటి మొత్తము 5 లక్షల డాలర్లు మించరాదు; ఏ ఒక్క చోటనైనను లక్షా 50 వేల డాలర్లు మించరాదు. పెద్ద రాజధానులలో ఆ సొమ్ముతో స్థలముకొని భవనము కట్టుట దుర్లభము. అందుచేత తరువాతి పదునైదేండ్లలో ఈ చట్టము క్రింద జరిగిన పని స్వల్పము. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరక అనలేదు.

1920లో జె. పి. మోర్గన్ అను ధనికుడు లండనులోని తన ప్రిన్సెస్ గేట్ గృహమును రాయబారి నివాసముగ వాడుకొనుడని ప్రభుత్వమునకు దానమీయజూపెను. మరుసటి ఏడు ప్రభుత్వము దానిని స్వీకరించెను. నూరేండ్ల క్రిందట సుల్తాను, ఇపుడు బ్యాంకరు. దాతలు మారిరి గాని స్థితి మారలేదు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము అమెరికా ఋణదాతయై, ప్రపంచ వాణిజ్యమునకు ముఖ్యకేంద్రమైనది. 1924 నాటి రోజర్స్ చట్టము రాయబార శాఖను, కాన్సల్ శాఖను ఒకటి చేసి, ప్రతిభను బట్టి ఎన్నికయ్యెడి వృత్తి ఉద్యోగుల వ్యవస్థను ఏర్పరచెను. సామాన్య కుటుంబముల నుండి వచ్చిన ఉద్యోగులు పెరిగిన కొలది నివాసము సమస్య మరింత స్పష్టమయ్యెను. 1926 మే 7న విదేశసేవా భవనముల చట్టము వెలువడెను. పెన్సిల్వేనియా ప్రతినిధి స్టీఫెన్ పోర్టర్ దీనికి కర్త. ఈ చట్టము మొత్తము కోటి డాలర్ల వ్యయమును, ఏటికి 20 లక్షలకు మించకుండ, అనుమతించెను. దానిని మించిన విశేషము ఒక భవన సంఘమును ఏర్పరచుట. విదేశాంగ, ఆర్థిక, వాణిజ్య కార్యదర్శులు ముగ్గురు. ఉభయసభల విదేశాంగ కమిటీల నుండి అధ్యక్షులును, ప్రతిపక్షపు పెద్ద సభ్యులును కలిసి నలుగురు. ధనము అడుగువారిని, ఇచ్చువారిని ఒకే బల్ల చుట్టు కూర్చుండబెట్టిన ఏర్పాటిది. ప్రతి ఇంటికి వేరువేరుగ చట్టసభను యాచింపవలసిన స్థితి దీనితో తగ్గెను. అనేక సవరణలతో ఈ చట్టము నేటికిని అమలులో నున్నది.

దీని క్రింద వెలసిన మొదటి భవనములలో టోక్యో రాయబార గృహము ప్రసిద్ధము. 1923 భూకంపములో పాత భవనములు నశించగా, క్రొత్తవి 1931లో పూర్తియయ్యెను. ఆర్థిక మాంద్యముతో జనులు పనులు లేక అలమటించు కాలమది. అధ్యక్షుడైన హూవర్ లోగడ వాణిజ్య కార్యదర్శిగా ఆ భవన సంఘమున సభ్యుడు. విమర్శకులు దానికి "హూవర్ వెఱ్ఱి" అని పేరు పెట్టిరి. 1945 సెప్టెంబరు 27న జపాను చక్రవర్తి హిరోహితో సేనాని మెకార్థర్‌ను కలియుటకు వచ్చినది ఆ గృహమునకే. ఒక భవనము ఎప్పుడు ఏ పనికి అక్కరకు వచ్చునో కట్టునాడు చెప్పుట కష్టము.

రెండవ ప్రపంచ యుద్ధము ధన సమస్యకు ఒక వింత పరిష్కారము చూపినది. యుద్ధకాల సహాయమునకును, యుద్ధానంతరము అమెరికా విడిచిన సామగ్రికిని అనేక దేశములు బాకీ పడియుండెను. ఆ దేశములకు డాలర్లు లేవు; తమ సొంత నాణెము మాత్రము కలదు. 1946 జూలై 25 నాటి శాసనము 12 కోట్ల 50 లక్షల డాలర్ల భవన కార్యక్రమమును అనుమతించెను. అందులో 11 కోట్లు ఈ బాకీల ఖాతా నుండి రావలసినవే. అనగా ఋణగ్రస్త దేశము తన నాణెముతో స్థలము, సామగ్రి, కూలి సమకూర్చును. ఆ మేరకు బాకీ తీరును. అమెరికాలో పన్ను కట్టువానిపై క్రొత్త భారము కనబడదు. ఏండ్ల తరబడి సంకోచించిన చట్టసభకు ఈ లెక్క సులభముగ రుచించెను.

మన దేశమునకు ఈ పద్ధతితో దగ్గరి సంబంధము కలదు. 1954లో వచ్చిన పి.ఎల్. 480 అను శాసనము క్రింద అమెరికా గోధుమలు మన రేవులకు వచ్చెను. వాని ధర రూపాయలలో జమ అయ్యెడిది. ఆ శాసనము అట్టి స్థానిక నాణెములను విదేశములలో అమెరికా ప్రభుత్వపు ఖర్చులకు, తరువాతి సవరణలతో స్థలములకు, భవనములకు కూడ వినియోగింప వీలు కల్పించెను. మన రేషను దుకాణములలో గోధుమలు కొన్న గృహస్థుని రూపాయి ఈ విధముగ దూరదేశపు దౌత్యవ్యయములో ఒక భాగమై తిరుగుచుండెను. ఆ రూపాయల నిల్వ పెరిగి పెరిగి ఇరుదేశములకును ఇబ్బంది అయ్యెను. 1974 ఫిబ్రవరిలో రాయబారి మొయినిహాన్ సుమారు 1,664 కోట్ల రూపాయల చెక్కును మన ప్రభుత్వమునకు అందజేసి ఆ ఖాతాలో అధికభాగమును ముగించెను. మిగిలినదానిని అమెరికా ఇచటి తన ఖర్చులకు ఉంచుకొనెను.

1954లోనే అమెరికా విదేశాంగ శాఖ ప్రఖ్యాత వాస్తుశిల్పుల సలహాసంఘమును ఏర్పరచెను. ఏథెన్సులో గ్రోపియస్, బాగ్దాదులో సెర్ట్, కరాచీలో న్యూట్రా, లండనులో సారినెన్ రాయబార భవనములను రూపొందించిరి. మన చాణక్యపురిలోని భవనమును ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ రచించెను. 1956 సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ శంకుస్థాపన చేసెను. 1959 జనవరి 3న ప్రారంభోత్సవము జరిగెను. ఎండను వడగట్టు జాలీ తెరలు, నడుమ నీటి తోట, సన్నని స్తంభములు మన దేశపు వాస్తు సంప్రదాయమునకు వందనము చేయుచున్నట్లుండును. ఆ కాలపు అమెరికా భవనములు చాలవరకు నగరము నడిబొడ్డున, గాజు గోడలతో, గ్రంథాలయములతో, వచ్చెడివారికి తలుపులు తెరచి ఉండెను. స్నేహమును చూపుటయే వాని ఉద్దేశము.

ఆ తెరచిన తలుపులే తరువాతి కాలమున గండమయ్యెను. 1983 ఏప్రిల్ 18న బేరూత్‌లోని రాయబార కార్యాలయముపై జరిగిన బాంబు దాడిలో 63 మంది మరణించిరి. వారిలో అమెరికనులు 17 మంది. తక్కినవారిలో అధికులు అచట పనిచేయు లెబనాను ఉద్యోగులు, వీసాలకై వచ్చినవారు, బాటసారులు. అడ్మిరల్ ఇన్మన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1985లో నివేదిక సమర్పించెను. కార్యాలయమునకు, వీధికి నడుమ నూరడుగుల ఖాళీ స్థలము ఉండవలెనను ప్రమాణము అప్పుడు వచ్చినది. 1986లో దౌత్యభద్రతా చట్టము వెలువడెను. కాని కాలము గడచిన కొలది భయము తగ్గెను. భయముతోపాటు నిధులును తగ్గెను. క్రొత్త ప్రమాణము ప్రకారము కట్టిన భవనములు కొన్ని మాత్రమే.

నిధులు అందని భవనములలో నైరోబీ కార్యాలయము ఒకటి. అది రెండు రద్దీ వీధుల కూడలిలో, రైల్వే స్టేషను చేరువలో ఉండెను. ఆ భవనము సురక్షితము కాదనియు, క్రొత్తది కావలెననియు రాయబారి ప్రుడెన్స్ బుష్నెల్ పై అధికారులకు వ్రాసి, తుదకు విదేశాంగ కార్యదర్శికే లేఖ వ్రాసెను. 1998 ఆగస్టు 7న నైరోబీ, దార్ ఎస్ సలాం నగరములలో ఒకే ఉదయమున బాంబులు ప్రేలెను. రెండు చోట్ల కలిసి మృతులు 224 మంది. వారిలో అత్యధికులు నైరోబీ వీధిలోను, ప్రక్క భవనములలోను ఉన్న సామాన్య జనులు. నైరోబీ కార్యాలయపు ఉద్యోగులలో మరణించినవారు 44 మంది. వారిలో 12 మంది అమెరికనులు. 32 మంది స్థానికముగ నియమింపబడిన ఉద్యోగులు.

ఈ 32 మందిని గురించి ఒక్కింత ఆలోచింపవలెను. గుమాస్తాలు, అనువాదకులు, లెక్కలు వ్రాయువారు ఏ రాయబార కార్యాలయమునకైనను వెన్నెముక వంటివారు. భవన నిధులపై జరుగు చర్చలో వారికి ఓటు లేదు; నిధులు రానపుడు ఎదురైన ఆపద మాత్రము వారిని విడువలేదు.

అడ్మిరల్ క్రో అధ్యక్షతన జరిగిన విచారణ 1999 జనవరిలో ముగిసెను. పదేండ్ల పాటు ఏటికి సుమారు 140 కోట్ల డాలర్లు భద్రతకు, భవనములకు కావలెనని నివేదిక తెలిపెను. అదే సంవత్సరము నవంబరు 29న వచ్చిన చట్టము భవనములకై ఐదేండ్ల పాటు ఏటికి 90 కోట్ల డాలర్లను అనుమతించెను. నూరడుగుల దూరము ఇక చట్టబద్ధమైన నియమము. ఒక నగరములోని అమెరికా కార్యాలయములన్నియు ఒకే ఆవరణలో ఉండుట మరొక నియమము. మినహాయింపు కావలెనన్నచో ఉన్నతాధికారి కారణములు చూపి సంతకము చేయవలెను. కొలది ఏండ్లకు మరియొక ఏర్పాటు వచ్చినది. విదేశములలో ఉద్యోగులను ఉంచు ప్రతి శాఖయు, తాను ఆక్రమించు కుర్చీల సంఖ్యను బట్టి నిర్మాణవ్యయములో వంతు చెల్లింపవలెను. ఉచితముగ లభించు కుర్చీలను ఏ శాఖయు తగ్గించుకొనదని ఎరిగినవారు చేసిన నియమమది.

భద్రత పెరిగెను. దానితోపాటు రాయబార భవనములు ఊరి వెలుపలకు జరిగి, ఎత్తైన గోడల నడుమ కోటలవలె కనబడసాగెను. లండనులో గ్రోవెనర్ చతురము విడిచి 2018లో నదికి ఆవలి నైన్ ఎల్మ్స్‌లోని క్రొత్త భవనమునకు తరలిరి. సుమారు 100 కోట్ల డాలర్ల ఆ వ్యయమును ఆ నగరములోని పాత ఆస్తులను విక్రయించి సమకూర్చుకొనిరి. మన హైదరాబాదులోను ఈ మార్పు కనబడినది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెసులో ప్రారంభమైన కాన్సల్ కార్యాలయము, 2023 మార్చిలో నానక్‌రాంగూడలో సుమారు 12 ఎకరముల స్థలమున 34 కోట్ల డాలర్లతో నిర్మించిన భవనమునకు మారినది. చదువులకై, ఉద్యోగములకై సముద్రములు దాటు తెలుగు బిడ్డలు, వారిని చూడబోవు తల్లిదండ్రులు నేడు వీసాలకై నిలుచు ఆవరణ 1999 నాటి చట్టపు సంతానమే. కోటలలో కూర్చున్న దౌత్యవేత్తకు ఊరి మాట వినబడదని విమర్శలు రాగా, 2022 డిసెంబరులో కాంగ్రెసు ఆ చట్టమును సవరించి, ఆయా స్థలములలోని ప్రమాదమును అంచనా వేసి నియమములను కొంత సడలించుటకు వీలు కల్పించెను.

మన దేశమున ఇట్టి వ్యయము విదేశాంగ మంత్రిత్వ శాఖ గ్రాంటుల అభ్యర్థనలలో పార్లమెంటు ముందుకు వచ్చును. రాజ్యాంగములోని 114వ అధికరణము క్రింద వినియోగ చట్టము ఆమోదము పొందిన పిమ్మట ధనము వెలువడును. 1930లో లండనులో హెర్బర్ట్ బేకర్ నిర్మించిన ఇండియా హౌస్ వంటి సొంత భవనములు మనకు కలవు. అద్దె కొంపలలో నడచు కార్యాలయములును కలవు. కొనుటయా, అద్దెకు ఉండుటయా అను చర్చ మన ఫైళ్ళలోను నిత్యము సాగునదే.

పొదుపు దోషమని ఈ చరిత్ర చెప్పుటలేదు. ప్రజాధనమును కాచుట చట్టసభ ధర్మము. ఆ ధర్మమును పాటింపజేయుట మన వృత్తి. అయితే ఖజానా ఇయ్యని ధనమును మరియొకరు ఇచ్చుకొనుచునే ఉండిరి. మొదట ధనికుడైన రాయబారి ఇచ్చెను. అందుచేత పదవి ధనికులకే పరిమితమయ్యెను. తరువాత ఋణపడిన దేశములు ఇచ్చెను. చివరకు నైరోబీలో చిన్న ఉద్యోగులు, వీధిన పోవువారు తమ ప్రాణములనిచ్చిరి. ఒక అంకెను కొట్టివేసి మార్జినులో కోత వ్రాయునపుడు, ఆ మొత్తము ఇక ఎవరి మీద పడునని ఒక్కసారి ప్రశ్నించుకొనుట మంచిది. నోటులో ఆ ప్రశ్నకు గడి లేదు. అయినను దానికి సమాధానము వ్రాసిన పిమ్మటనే సంతకము చేయుట ఉచితము.